కాళ్ళు బాగానే ఉన్నాయిగా

మొన్న మంగళవారం పొద్దున మా గ్రాంట్ ఆంటీ పోయారు. ఆవిడ కూతురు ఫోన్ చేసి, "అమ్మ నిద్రలోనే..." అని ఆగిపోయింది.

ఇక్కడ మా పామర్‌స్టన్ నార్త్ ఊళ్ళో తెలుగువాళ్ళమంతా ఆవిడని అలాగే పిలిచేవాళ్ళం. నర్సుగా రిటైరయ్యాక, స్నేహితుల్ని కూడగట్టి ఓ చిన్న ట్రావెల్ గ్రాంట్ నడిపారు. ఒంట్లో ఏదో లోపం ఉందని ఇంట్లోవాళ్ళు ఎక్కడికీ పంపనివాళ్ళకి టికెట్టూ బసా ఇచ్చి విదేశం పంపే గ్రాంట్ అది.

నేను ఇక్కడికి చదువుకోడానికి వచ్చి, రెండో ఏడు చూపు పోగొట్టుకున్నదాన్ని. ఆ తర్వాత వీధి చివర డెయిరీ కొట్లో పాలు కొనడానికి కూడా ఫ్లాట్‌మేట్ చెయ్యి పట్టుకునే వెళ్ళేదాన్ని. ఒకరోజు మాటల్లో, హనోయ్ వెళ్ళాలని ఉండేదని అన్నాను. ఆంటీ ఇక వదల్లేదు.

"అప్లికేషన్లో, అక్కడేదైనా కోర్సు చేస్తానని రాయనా ఆంటీ?"

"ఎందుకమ్మాయ్? ఊరికే తిరిగిరా. అందరూ తిరగట్లా?"

కమిటీలో ఒకాయన, "చూపు లేని పిల్ల అక్కడికెళ్ళి ఏం చూస్తుందండీ?" అన్నారట. "మీరు బాలి వెళ్ళి ఏం చూసొచ్చారు, హోటల్లో బఫే తప్ప?" అని ఈవిడ అడిగారట. గ్రాంట్ వచ్చింది.

డబ్బులిచ్చి ఊరుకునే మనిషి కాదు. తన ఇంటి హాల్లో డైనింగ్ కుర్చీలు వరసగా వేసి ఎయిర్‌పోర్టు చేశారు. గొంతు మార్చి, "మేడమ్, వీల్‌చెయిర్‌లో కూర్చోండి" అన్నారు ఇంగ్లీషులో. నేను బుద్ధిగా కూర్చున్నాను.

"ఎందుకు కూర్చున్నావు? పోయింది కళ్ళు. కాళ్ళు బాగానే ఉన్నాయిగా. లే."

నేను కూర్చోవడం మానేసేదాకా ఆ ఆట ఆడించారు. కోపమొచ్చి ఏడ్చాను కూడా. టీ ఇచ్చి, మళ్ళీ మొదటికొచ్చారు.

నిజం ఎయిర్‌పోర్టులోనూ అచ్చం అలాగే కుర్చీ తెచ్చారు. "నా కాళ్ళు బాగానే ఉన్నాయి, మోచెయ్యి ఇస్తే చాలు" అన్నాను. పాపం అతను నాకు మోచెయ్యి ఇచ్చి, రెండో చేత్తో ఆ ఖాళీ కుర్చీని గేటుదాకా తోసుకొచ్చాడు. ఆ సంగతి ఫోన్లో చెప్తే ఆంటీ దగ్గొచ్చేదాకా నవ్వారు. హనోయ్‌లో వీధి పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, హారన్ల మోతలో, ఒక్కదాన్నే కాఫీ తాగాను. అంత సంతోషం నాకు మళ్ళీ దొరకలేదు.

ఈ చలికాలం ఆంటీ కాళ్ళు పడిపోయాయి. హాస్పిటల్‌కి చూడ్డానికి వెళ్తే, "ఇప్పుడు నా వంతు వచ్చిందమ్మాయ్. తొయ్యి" అన్నారు. నేను కుర్చీ తోసేదాన్ని, ఆవిడ దారి చెప్పేవారు. "కుడికి. ఆగాగు, ట్రాలీ వస్తోంది. ఆఁ, ఇప్పుడు తిన్నగా." నర్సులు కంగారుపడేవాళ్ళు. "మా ఇద్దరికీ కలిపి ఒక్క గ్రాంట్ చాలు" అని వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పి నవ్వేవారు.

కిందటి ఆదివారం, కిటికీ దగ్గర ఎండ ఉంది, అక్కడికి తీసుకెళ్ళమన్నారు. "తిన్నగా" అన్నారు. కాసేపటికి మళ్ళీ "తిన్నగా" అన్నారు, మెల్లగా. ఆ తర్వాత ఏమీ అనలేదు. వంగి విన్నాను. ఊపిరి ఆడుతోంది, నిద్రపట్టింది. లేపబుద్ధి కాలేదు. ఎటు తిరగాలో తెలీక, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని ఆ కారిడార్ మధ్యలో అలాగే నిలబడ్డాను.