రేవులో రెండో పడవ

మా నాన్న చెప్పిన ఒక్క మాట పట్టుకుని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. "రేవులో అందరం ఒకటే పడవమ్మా" అని చిన్నప్పటినుంచీ చెప్పేవాడు. నందిగామలో ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతాను. సరిహద్దు వ్యాపారం గురించి పిల్లలచేత పెద్ద చార్టు వేయించాను. ఒక పడవ, అందులో కోమట్లు, సాయిబులు, మార్వాడీలు, రైతులు, మిరపకోతలకు వెళ్లే మా నాయనమ్మ, ఆమె కొంగు పట్టుకుని మా నాన్న. వచ్చేవారం పిల్లల్ని నాన్న చెప్పిన ఆ కృష్ణ రేవుకు తీసుకెళ్లాలి. ముందు నేనొకసారి చూసి రావాలనుకున్నాను.

ఉదయం ఏడున్నరకు నందిగామలో బస్సెక్కితే గంటలో జగ్గయ్యపేటలో దిగాను. బస్టాండు దగ్గర టిఫిన్ బండి ముందు ఒకపక్క కోదాడ నుంచి వచ్చినవాళ్లు, ఇంకోపక్క సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే బీహారువాళ్లు. అట్లు పోస్తున్నావిడ ఎవరి భాషలో వాళ్లకు జవాబు చెబుతోంది. ఇన్ని భాషలు ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. "నేర్చుకోడమేంటండీ, నాలుగు బేరాలు పోతే అయ్యే వస్తాయి" అంది. చార్టు కింద రాయించడానికి బాగుంటుందని ఆ మాట రాసుకున్నాను. అప్పటికి నాకు అన్నీ చార్టుకు పనికొచ్చేవిగానే కనబడుతున్నాయి.

అక్కడినుంచి కృష్ణ ఒడ్డుకు షేర్ ఆటోలో నలభై రూపాయలు, అరగంట దారి. ఒకవైపు నైజాం, ఇంకోవైపు ఇంగ్లీషువాళ్లు ఏలిన రోజుల్లో కోస్తా ఉప్పు పైకి, పైనుంచి పత్తీ మిర్చీ కిందికి ఈ రేవులమీదుగా నడిచేవని పెద్దలు చెబుతారు. ఇప్పుడు విరిగిన మెట్లు, ట్రాక్టర్లను దాటించే ఒక బల్లకట్టు మిగిలాయి. ఊరి పేరు రాయను. అక్కడ నన్నెవరూ చిన్నమాట కూడా అనలేదు.

టీకొట్టు దగ్గర సాంబయ్య అనే పెద్దాయన దొరికాడు. ఎనభై దాటాయి, వయసులో ఉన్నప్పుడు పడవ నడిపాడు. "అన్ని జాతులోళ్లూ వచ్చేవోళ్లు టీచరుగారూ. సాయిబులు, మార్వాడీలు, నైజామోళ్లు. రేవులో తేడా లేదమ్మా" అన్నాడు. పొంగిపోయి ఫోన్లో చార్టు చూపించాను. కళ్లజోడు సవరించుకుని మా నాయనమ్మ బొమ్మమీద వేలు పెట్టాడు.

"ఈవిడెవరమ్మా?"

"మా నాయనమ్మండి. పెనుగంచిప్రోలు దగ్గర పల్లె, చర్చి వెనకిళ్లు. మిరపకోతలకి అవతలికెళ్లేది."

"మరి ఆళ్లు ఈ పడవెక్కరు కదమ్మా. గడ్డిపడవ వేరే ఉండేది. పశువుల్తోపాటు అందులో వచ్చేవోళ్లు. పెద్దపడవ రెండుసార్లు పోయొచ్చాక దాన్ని వదిలేవోళ్లం." బొమ్మలో తప్పు దిద్దుతున్నట్టు మామూలుగానే చెప్పాడు. "అయినా ఎవర్నీ ఒడ్డున వదిలేసి పోలేదమ్మా."

నాకూ ఆయనకూ ఒకేరకం గ్లాసుల్లో టీ వచ్చింది. నేను తాగలేకపోయాను.

మెట్లమీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. "పడవలో మీరెక్కడ కూర్చునేవాళ్లు నాన్నా?"

"కూర్చోలేదమ్మా. మీ నాయనమ్మ ఎద్దుల పలుపులు పట్టుకుని నిలబడేది. నేను ఆవిడ కాళ్లకాడ."

"మరి అందరం ఒకటే పడవని నాకెందుకు చెప్పావ్?"

"బళ్లో ఎవరి పక్కన కూర్చోడానికీ నువ్వు భయపడకూడదని."

టక్కున ఫోన్ పెట్టేశాను. కోపం రేవుమీద చూపించలేక ఆయనమీద చూపించాను. ఆయన చెప్పిన అబద్ధం ఇచ్చిన ధైర్యంతోనే నేను ముందు బెంచీలో కూర్చున్నాను, టీచర్నయ్యాను. ఇప్పుడు అదే అబద్ధాన్ని ముప్పైమంది పిల్లలచేత రంగులేయించి గోడకు తగిలించాను. ఎన్ని జాతులు వచ్చాయో లెక్కపెట్టి మురిసిపోయిన నామీద నాకే అసహ్యం వేసింది. సోమవారం చార్టు దింపి రెండో పడవ గీయిస్తాను. నాయనమ్మ బొమ్మను పెద్దపడవలోంచి చెరిపేది మాత్రం నేనే, ఆ పని పిల్లలకు చెప్పలేను.

ఇలాంటి రేవులకు వెళ్లేవాళ్లకు ఒక మాట. సాయంత్రం తిరుగు ఆటోలు దొరకడం కష్టం, పొద్దున్నే వెళ్లండి. అక్కడి పెద్దల్ని ఎవరెవరు వచ్చేవారని అడిగి ఊరుకోకండి, ఎవరు ఏ పడవలో వచ్చేవారో కూడా అడగండి.