ఎలుక కొరికిన స్పీకర్లు

చాందికి మెత్తగా మాట్లాడటం రాదని తండాలో అందరూ అనేవాళ్లు. ఆమె కూడా కాదనేది కాదు. జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఆ లంబాడీ తండా. ఆమె భర్త బిచ్యా ఊళ్లో వెంకటప్పయ్య మైకు షాపులో పనిచేసేవాడు. మైకు గొట్టాలు గుంజలకు కట్టడం, వైర్లు లాగడం, పెట్టెలు బండికెక్కించడం అతని పని. వెంకటప్పయ్యది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. వ్యవసాయం మీద ఉన్న శ్రద్ధ ఆయనకు మైకుల మీద లేదు. స్పీకరు పెట్టెలను వేరుశనగ బస్తాల గదిలోనే పడేసేవాడు.

ఎనభై నాలుగు శ్రావణంలో ఒక రైతు ఇంట పెళ్లికి ఆ పెట్టెలు తీశారు. పాట వేయగానే బరబరమని చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. విప్పి చూస్తే స్పీకర్లలో కాగితపు కోన్లన్నీ చిరిగి ఉన్నాయి. పెళ్లివారు వెంకటప్పయ్యను నానా మాటలు అన్నారు. వాళ్లను తిరిగి ఏమీ అనలేక ఆయన పందిట్లో అందరి ముందూ బిచ్యా చెంప మీద కొట్టాడు. సెలవు ఇవ్వలేదన్న కక్షతో బ్లేడు పెట్టి కోశాడన్నాడు. బిచ్యా నోరు విప్పలేదు. మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు.

ఇంటికొచ్చి విషయం చెప్పిన మొగుడిని చాంది ఓదార్చలేదు. కోయలేదని ఎందుకు చెప్పలేదని అడిగింది. చెప్పినా నమ్మరన్నాడు. నమ్మకపోతే పోనీ, నోటికి ఏమొచ్చిందని అరిచింది. ఆ రోజంతా ఆ ఇంట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేశాయి.

రెండు రోజులకు ఆమె వెదురు కంకబుట్ట తీసుకుని షాపు వెనక్కి వెళ్లింది. పనికిరావని పారేసిన స్పీకర్లు పెంటకుప్ప మీద పడి ఉన్నాయి. వాటిని ఏరి బుట్టలో వేసుకుంటుంటే వెంకటప్పయ్య భార్య భారతమ్మ చూసి, అవెందుకే నీకు అని అడిగింది. పొయ్యిలోకి అని చెప్పి చాంది వచ్చేసింది.

వాటిని బాగుచేయడం ఆమెకు తెలియదు. తెలిసిన బిచ్యా ముట్టుకోనన్నాడు. ఆ స్పీకర్లు ఇంట్లో ఉంటే దొంగతనం అంటగడతారని అతని భయం. ఆమె అడవి నుంచి తుమ్మబంక తెచ్చి నానబెట్టి, చిరుగుల మీద పాత నోటీసు కాగితం అతికించింది. ఆరాక అది పెంకులా బిగుసుకుని పెళపెళ విరిగింది. చీమలు కూడా పట్టాయి. బిచ్యా నవ్వాడు. ఆమె గరిటె విసిరింది.

తర్వాత ఊళ్లో వడ్రంగి దగ్గర తలుపుచెక్కలకు రాసే తెల్లజిగురు కొంచెం సంపాదించింది. దాంట్లో నీళ్లు కలిపి పాలలా పలచన చేసింది. గాజుల వాడు గాజులకు చుట్టి ఇచ్చే పలచని కాగితం దాచుకుని ఉంది. దాన్ని కత్తిరించకుండా చేత్తో చించింది. చించిన అంచు కోను మీద సాపుగా కలిసిపోతుంది. చిరుగుకు వెనక నుంచి ఒక పొర, ఆరాక ముందు నుంచి ఒక పొర. కోను చుట్టూ ఉండే మడతను ఎలుకలు కొరికేసిన చోట పాత నూలుగుడ్డ పీలికలు వేసింది. మొదటిదానికి జిగురు ఎక్కువ పట్టించడంతో కోను బరువెక్కి, వేలితో తడితే గొంతు పూడుకుపోయినట్టు మోగింది. తడిపి, ఊడదీసి, మళ్లీ చేసింది. అది చూస్తూ ఊరుకోలేక బిచ్యా, రెండు బొటనవేళ్లతో కోనును సమంగా నొక్కి చూడమన్నాడు. లోపల తీగచుట్ట గీసుకుంటే గరగరమంటుందనీ, అనకపోతే బతికినట్టేననీ చెప్పాడు. ఆ పనిలో అతను చేసిన సాయం అంతే.

మరుసటి ఏడు తీజ్ పండుగకు ఆమె ఆ స్పీకర్లను పాత చెక్కపెట్టెల్లో బిగించి, కొత్తగూడెం నుంచి బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయర్ కిరాయికి తెచ్చింది. బుట్టల్లో మొలకలు పెంచిన ఆడపిల్లలు ఆ సెట్టు పాటలకే ఆడారు. పక్క తండాల వాళ్లు, ఆపైన కోయగూడేల వాళ్లు కూడా చాంది సెట్టునే అడగసాగారు. ఆ సంగతి వెంకటప్పయ్య చెవిన పడింది.

ఆయన ట్రాక్టరు వేసుకుని ఇద్దరు మనుషులతో తండాకు వచ్చాడు. తన స్పీకర్లు దొంగిలించారనీ, మర్యాదగా తెచ్చి ట్రాక్టర్లో పెట్టమనీ అన్నాడు. తండా అంతా చుట్టూ చేరింది. బిచ్యా పెట్టెలు ఎత్తబోయాడు. చాంది అతని చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"నీయే అయితే తీసుకపో పటేలా. బ్లేడుతోని కోసినయి అన్నవ్ గదా. ఆ కోత యాడుందో జూపి తీసుకపో."

ఆమె పెట్టె వెనక చెక్క విప్పి స్పీకరు బయటికి తీసింది. తను అతికించిన కాగితం మీద నీళ్లు చల్లి, గోటితో మెల్లగా పొర లేపింది. ఎన్నాళ్లో కష్టపడి నిలబెట్టిన పనిని అందరి ముందూ తనే ఊడదీసింది. కింద కోను అంచు చిన్న చిన్న గాట్లతో, రంపం పళ్లలా ఉంది.

"బ్లేడు గిట్ల కోస్తదా?"

"అయితే ఏంటే? ఎలకలు కొరికితే మాత్రం సొమ్ము నాది కాదా?" అన్నాడు వెంకటప్పయ్య.

"అవ్, నీదే. ఎలుకలు కొరికినయని అన్నవ్ గదా, అందరు విన్నరు. ఇగ నా మొగుని మీద ఏసిన నింద తప్పు అని గూడ అను, అన్నీ నేనే ట్రాక్టరెక్కిస్త."

ఆయన ఆ మాట అనలేదు. తన మనుషుల వంక చూశాడు. వాళ్లు నేల చూస్తున్నారు. ఆమె చేతిలోని స్పీకరును కాలితో ఒక తన్ను తన్నాడు. కోను మధ్యలో బూటు దిగబడింది. బూటు లాక్కుని, ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు. మిగిలినవాటిని ముట్టుకోలేదు.

చాంది ఆ స్పీకరును కూడా అతికించింది. అయితే వెంకటప్పయ్య అంతటితో ఊరుకోలేదు. జూలూరుపాడులో ఏ పెళ్లికీ, ఏ మీటింగుకీ ఆమె సెట్టు పెట్టనివ్వలేదు. పెట్టినవాళ్లకు తన ట్రాక్టరు పంపనన్నాడు. ఆమె ఊరిని వదిలేసి అడవి పల్లెలనే పట్టుకుంది. ఆమె చేతిపని తెలిసి కొత్తగూడెం మైకు షాపులవాళ్లు చిరిగిన స్పీకర్లు బస్సు మీద వేసి పంపేవాళ్లు. స్పీకర్లను బస్తాల గదిలో పెట్టొద్దని ఒకసారి చెబితే వినని మనిషిని రెండోసారి గుమ్మం ఎక్కనిచ్చేది కాదు.

ఆమె లెక్కలో లేనిది ఒక్కటే జరిగింది. ఇంకో రెండేళ్లకు వెంకటప్పయ్య కబురు చేస్తే బిచ్యా మళ్లీ ఆ షాపుకే పనికి పోయాడు. పెళ్లాం వెనక పెట్టెలు మోస్తున్నాడని తండా మగవాళ్లు నవ్వుతున్నారనీ, అది పడటం తన వల్ల కాదనీ చెప్పాడు. చాంది ఏడవలేదు. కంచంలో అన్నం పెట్టి జరిపేది గానీ, చాలా కాలం అతనితో మాట్లాడలేదు.

ఒక ఎండాకాలం సాయంత్రం బిచ్యా సైకిలుకు ఒక స్పీకరు పెట్టె కట్టుకుని వచ్చాడు. షాపుదని చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. చెక్క మీద రాసిన పేరు చదవడం రాకపోయినా, ఆ పెట్టె ఎవరిదో ఆమె గుర్తుపట్టింది.

"జర అతికియ్యరాదే. గాయన ఇప్పుడు మంచిగనే ఉంటుండు నాతోని," అన్నాడు తమ భాషలో, తల ఎత్తకుండా.

"నీతోని ఉంటుండు. నాతోని కాదు," అంది ఆమె, చేతిలో పని ఆపకుండా.

ఆమె ముందు జిగురు గిన్నె ఉంది, కాగితం ఉంది, అప్పుడే ఆరుతున్న ఎవరిదో కోను ఉంది. ఆమె ఇటు తిరగలేదు. అతను సైకిలు తిప్పుకుని చీకటి పడకముందే జూలూరుపాడు బాట పట్టాడు. ఆ స్పీకరును వెంకటప్పయ్య బాగుచేయించడానికి ఖమ్మం పంపించుకున్నాడు.