పైనింటి సారు చెప్పిన చదువు

మా ఇంట్లో ఎవరు ఏం చదవాలో తేల్చేది పైన కిరాయికి ఉండే సారు. బొంతపల్లి పక్కన మా ఊళ్ళో పొలాలు ఫ్యాక్టరీలకు పోయాక, అందరూ ఇంటిమీద రెండు గదులు వేసి కంపెనీలో పనిచేసేవాళ్ళకు ఇచ్చారు. పిల్లల చదువుల గురించి అడగడానికి ఇంట్లోనే ఒక సారు దొరికాడని మావాళ్ళకు అదో సంబరం. పైనింటి సారు ఏ పని చేస్తే, కిందింటి పిల్లలది అదే చదువు. ఎదురింటి అన్న ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చేశాడంటే, వాళ్ళ సారు ఫిట్టర్ల మీద సూపర్‌వైజర్ మరి.

మా సారు గోదావరి వైపు మనిషి. మందుల కంపెనీ ల్యాబులో పని. నా ఇంటర్ ఫలితాలు వచ్చాక బాపు ఆయన్ని కిందికి పిలిచి కుర్చీ వేశాడు. "మా బిడ్డను ఏంట్ల ఎయ్యాల్నో జెర చెప్పుండ్రి సార్" అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నన్ను అడిగినవాళ్ళు లేరు. నాకేమో జాగ్రఫీ మీద ప్రాణం. బీఏలో చేరి అదే చదువుతానన్నాను.

"బీఏనా? ఫెయిలైనోళ్ళు సదివేది గదా" అన్నాడు బాపు.

సారు నవ్వాడు. "బీఎస్సీ కెమిస్ట్రీ వేయించండి. ఆడపిల్లకి ల్యాబు ఉద్యోగమంత మంచిది లేదండి."

అంతే, అయిపోయింది. ఆ సాయంత్రమే సారు తన ఫోన్లో డిగ్రీ సీటుకు ఆప్షన్లు పెట్టేశాడు, బాపు పక్కన కూర్చుని ఓటీపీ చదివి వినిపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపులేసుకున్నా గదిలోకి దూరే మందుల కంపెనీల ఘాటు వాసనలోనే పెరిగాను. ఇక బతుకంతా దాని దగ్గరికే వెళ్ళి కూర్చోవాలన్నమాట.

సీటు రాగానే అమ్మ నాచేత పైకి మిఠాయి పంపింది. సారు వాళ్ళ అమ్మాయిదీ నా ఈడే. తనేం తీసుకుందని అడిగాను.

"బీకాం కంప్యూటర్స్ అమ్మా" అంది సారు భార్య. "ఈయన చొక్కాలు ఉతకలేక చస్తున్నాను. ఆ కెమికల్స్ కంపు మన పిల్లకెందుకని ఆయనే వద్దన్నారు."

మెట్లు దిగి వచ్చి బాపుకు ఉన్నదున్నట్టు చెప్పాను. సీటు ఇంకా ఖాయం చేసుకోలేదు, మార్చుకోవచ్చు అని కూడా అన్నాను. కోపంతో పైకి వెళ్ళి నిలదీస్తాడని ఆశపడ్డాను. ఆయన బర్రెకు గడ్డి వేస్తున్నవాడల్లా ఆగి నా వైపు తిరిగాడు.

"నాకెర్కనే బిడ్డా" అన్నాడు. "ఆళ్ళు కిరాయికున్నోళ్ళు. నౌకరీ అయిపోతే ఆళ్ళ ఊరికి పోతరు. మనం యాడికి పోతం? ఈడ బతికెటోళ్ళం, ఈడ దొరికే పనే నేర్సుకోవాలె."

ఏడుపొచ్చింది. మర్నాడు నేనే కాలేజీకి వెళ్ళి ఆ సీటు ఖాయం చేసుకుని వచ్చాను.