బాపు చేసిన మక్కల మిషన్

కరీంనగర్‌లో వాన వెలిసిన సాయంత్రాల్లో బండి మీద మక్క కంకులు, అదే మొక్కజొన్న పొత్తులు, కాలే వాసన మా ఇంటి మెట్ల దాకా వస్తుంది. ఆ వాసనతో సుల్తానాబాద్ దగ్గరి మా ఊరు, బతుకమ్మకు ముందు వాకిళ్ళ నిండా పోసిన కంకుల కుప్పలు, వాటి చుట్టూ కూర్చుని బొటనవేళ్ళు బొబ్బలెక్కేదాకా మక్కలు ఒలుస్తూ పాడే ఆడవాళ్ళు, పొయ్యి మీద కుతకుతమనే మక్కరవ్వ గటుక, పక్కింటి సుగుణత్త కొంగుచాటున తెచ్చిపెట్టే వేడి వేడి మక్క గారెలు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొస్తాయి.

మా నాన్నను బాపు అనేవాళ్ళం, వెల్డింగ్ పనివాడు. మాది చర్చికి పోయే ఇల్లు. అయినా వాడ బతుకమ్మకు తంగేడు పూలు కోసుకొచ్చేది బాపే, పేర్చేది సుగుణత్త. ఆమె వేళ్ళ మీది బొబ్బలు చూసే బాపు పాత లారీ ఇనుముతో మక్కలు ఒలిచే మిషన్ చేశాడు. పళ్ళున్న డ్రమ్ము, పక్కన ఆయిల్ ఇంజను, రెంటినీ కలిపి తిప్పే పొడవాటి బెల్టు పట్టా. ఊరంతా చూడవచ్చింది. "మా అన్న చేసిండు" అని సుగుణత్త అందరికీ చెప్పుకుంది.

నన్ను కన్న అవ్వ మాత్రం "గా పట్టాకు ఏమన్న అడ్డం పెట్టరాదు?" అంది.

"పండుగైనంక రేకు కొడత" అన్నాడు బాపు.

ఆ పండుగ రాకముందే ఒక మధ్యాహ్నం, కింద పడ్డ కంకులు ఏరుతున్న సుగుణత్త కొంగు పట్టాలో చిక్కింది. లాక్కోబోయి చెయ్యి పెట్టింది. బాపు పరుగెత్తి ఇంజను ఆపేసరికే అంతా అయిపోయింది. ఆస్పత్రిలో కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

"కొంగు సక్కగ చెక్కుకోకపాయె, మిషనేం జేస్తది?" అన్నారు పెద్దమనుషులు.

"కొంగు గాదు. రేకు కొట్టంది నేను" అన్నాడు బాపు. ఆ మాట ఎవరికీ రుచించలేదు. మిషన్ విప్పేస్తానంటే రైతులు అడ్డుపడ్డారు, కంకులు వానకు మొలకలొస్తాయని. రేకు కొట్టించి నడిపించారు. ఆ చప్పుడు మొదలైతే సుగుణత్త తన ఇంటి తలుపేసుకునేది.

ఒకరోజు ఆమే మా వాకిట్లోకి వచ్చింది. "అన్నా, గంత మిషన్ జేసినవు. నాకొక చెయ్యి జేసియ్యరాదు?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

బాపు నిర్మల్ పోయి, బొమ్మలు చేసే తేలికపాటి కర్ర తెచ్చాడు. చలికాలమంతా చెక్కాడు, గోళ్ళతో సహా. తోలు పట్టీలతో కట్టిస్తే, ఆమె పళ్ళెంలోంచి ఒక పువ్వు తీయబోయింది. జారిపోయింది. మళ్ళీ జారిపోయింది.

"మంచిగున్నదన్నా. కని పట్టుకుంటలేదు" అంది.

బాపు ఆ తర్వాత గేట్లు, కిటికీలు చేశాడు కానీ తిరిగేది, కదిలేది ఏదీ చేయలేదు.

ఇప్పుడు పెద్ద మిషన్లు చేనులోనే కోసి, ఒలిచి ఇస్తున్నాయి. వాకిళ్ళలో కుప్పల్లేవు, ఒలుపుల పాటలు తెలిసినవాళ్ళూ లేరు. పోయిన వానాకాలం బాపునూ మట్టిలో పెట్టాం. సుగుణత్త వచ్చి ఎడమచేత్తో గుప్పెడు మట్టి తీసుకుంది. అందరూ వేసి పక్కకు జరిగినా ఆమె పిడికిలి విప్పకుండా చాలాసేపు అక్కడే నిలబడింది. ఆమె మనసులో ఏముందో అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.