నాబోతు మడి దగ్గర ఆగిపోయిన ప్రార్థన

ఒక ముసలమ్మ సాగుచేసుకుంటున్న మడి చుట్టూ తిరిగి, దాన్ని మనకిమ్మని దేవుణ్ణి అడగగలరా మీరు? నన్ను హోనొలులు తీసుకెళ్లింది ఆ పనికే. మా ఫ్రీమాంట్ ప్రార్థన సహవాసంలో ఉండే సుధీర్, సన్నీవేల్‌లో ఇంజనీరు, మనవాళ్లు కొందరితో కలిసి అక్కడ స్థలం కొంటున్నాడు. కొనబోయే స్థలం చుట్టూ ఏడుసార్లు నడిచి ప్రార్థించడం మనవాళ్ల అలవాటే కదా. టికెట్లు తనే తీశాడు.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి విమానంలో ఐదు గంటలు. మర్నాడు పొద్దున్నే మూడు డాలర్ల సిటీ బస్సులో రాజభవనానికి వెళ్లాం. మేడమీద ఒక గది ముందు ఆగాను. నూట ముప్పై ఏళ్ల కిందట, గద్దె దించిన ఆ దీవుల రాణిని మళ్లీ కూర్చోబెట్టాలని ఆమె మనుషులు తుపాకులు పట్టారు, కొద్దిరోజుల్లోనే ఓడిపోయారు. ఆ తిరుగుబాటు పేరు చెప్పి రాణిని సొంత ఇంట్లోనే, ఆ గదిలో, బంధించారు. ఆమెను దించినవాళ్లలో మిషనరీల కొడుకులున్నారు! తండ్రులు వాక్యం విత్తారు, కొడుకులు నేల కోసుకున్నారు.

మధ్యాహ్నం అద్దె కారులో కొండ దాటితే అరగంటలో స్థలం. అది చేమదుంపల మడి. మోకాలిలోతు నీళ్లలో ఒక ముసలమ్మ దుంపలు పీకుతోంది. ఆ నేలకు వారసులు చాలామందనీ, ఎక్కడో ఉన్న ఒకరి వాటా కొన్న కంపెనీ కోర్టుకెళ్లి మొత్తం అమ్మకానికి పెట్టించిందనీ చెప్పింది. సోమవారం కొనేవాళ్లు సంతకాలు పెడితే ఆమె బయటికి. పెట్టకపోతే కోర్టు ఆమె గోడు మళ్లీ వింటుందట.

"మా తాత రాణి కోసం తుపాకీ పట్టి జైలుకెళ్లాడు. తిరిగొచ్చి ఈ గట్లు వేశాడు. రాణిని నిలబెట్టుకోలేకపోయాం బ్రదర్, ఈ మడినైనా ఉండనివ్వండి" అంది.

సుధీర్ నన్ను పక్కకి లాగాడు. "అంకుల్, లీగల్‌గా టైటిల్ క్లియర్. మీరు ప్రేయర్ చేసేయండి, ఫ్లైట్‌కి లేటవుతుంది."

"బైబిల్లో రాజు ఆశపడ్డ నాబోతు తోటా లీగల్‌గానే పోయింది నాయనా. సాక్షులున్నారు, పెద్దలున్నారు, ఉపవాసం కూడా చాటించారు. ఆ అధ్యాయం నీ ఫోన్‌లో లోడ్ అవలేదా?"

అతను ముఖం ముడుచుకుని ఒక్కడే గట్టుమీద నడక మొదలుపెట్టాడు. మనిషి పట్టేంత వెడల్పే ఆ గట్టు. నేను దానికి అడ్డంగా కూర్చున్నాను. ఒక్క చుట్టూ పూర్తికాలేదు.

పొలానికి పొలం కలుపుకునేవారికి శ్రమ తప్పదని యెషయా ప్రవక్త అరిచింది ఎవరి మీద అనుకున్నారు? స్తోత్రం పాడిన నోటితోనే నేల మింగేవాళ్ల మీద. ఆ వరసలో మన పేరూ చేరుతోంది. అక్కడికి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: స్థలం చూపించే ఏజెంటును ధర అడిగే ముందు, ఇప్పుడు ఇక్కడ ఎవరు సాగుచేస్తున్నారో అడగండి.

సుధీర్‌తో కలిసి వాటా తీసుకున్నవాళ్లు ఇది చదువుతున్నారని నాకు తెలుసు. ఇవాళ శనివారం. రేపు ఆరాధన అయ్యాక చూద్దామనకండి. ఇప్పుడే ఫోన్ తీసి, ఆ మడి మాకొద్దని చెప్పండి.