గొంతులో గడ్డ, నోట్లో దరువు

నకిరేకల్‌లో మేము కూడే ఫొటో స్టూడియోలో గోడకు ఒక నిలువుటద్దం ఉంది. ఫొటో దిగడానికి వచ్చినవాళ్లు తల దువ్వుకోవడానికి పెట్టింది. ఒక ఆదివారం పొద్దున నేను పాడబోయే ముందు ఆ అద్దం దగ్గర నిలబడి కొంగు సర్దుకుని, రెండు గుక్కల నీళ్లు తాగాను. మింగినప్పుడు మెడ మీద కుడి పక్కన ఒక ఉబ్బు పైకి లేచి కిందికి దిగింది. మళ్లీ మింగాను. మళ్లీ లేచింది.

నేను ఏఎన్‌ఎంని. ఊళ్లలో పిల్లలకు సూదులు వేస్తూ, గర్భిణులకు బీపీ చూస్తూ ఇన్నేళ్లు గడిపినదాన్ని. "జర నీళ్లు మింగు బిడ్డా" అంటూ ఎంతమంది ఆడవాళ్ల మెడలు తడిమి చూశానో! మింగితే కదిలే గడ్డ థైరాయిడ్ గ్రంథిదేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏమ్మా, నీ వంతే. జల్ది రా" అని వెనక నుంచి స్టూడియో ఓనరు పిలిచాడు.

అందరూ ఫోన్లలోనే ఫొటోలు దిగడం మొదలయ్యాక ఆయనకు గిరాకీ తగ్గింది. నెలకు రెండు ఆదివారాలు ఆ గదిని మాకు వదిలేసేవాడు. హార్మోనియం కూడా ఆయనదే. మేమంటే పదిమందిమి, పన్నెండుమందిమి. నిమ్మకాయల వ్యాపారి, బస్సు డ్రైవరు, ఇద్దరు బడిపంతుళ్లు, ఇంకొందరు. అందరం యక్షగానాలన్నా, పద్యనాటకాలన్నా చెవి కోసుకునేవాళ్లమే. ఒక్కొక్కరు తమకు నచ్చిన ఒక నాటకం పాట తేవాలి. దాన్ని ఎక్కడ విన్నారో, ఆ వేషం ఎవరు కట్టారో చెప్పాలి. తర్వాత పాడాలి. పాడలేనివాళ్లు ఫోన్లో వినిపించాలి. అంతే మా కార్యక్రమం. ఒకే దరువును, అంటే ఆటలో వేషగాడు పాడే పాటను, ఒక ఊరి మేళం ఒక తీరుగా, పక్క ఊరి మేళం ఇంకో తీరుగా పాడేది కాబట్టి, ఏది అసలుదన్న దాని మీద వాదులాటలు అయ్యేవి. ఆ వాదులాటల కోసమే నేను ఆదివారాల కోసం ఎదురుచూసేదాన్ని.

నా పాట మా అవ్వ నేర్పిన దరువు. రాజ్యం పోయిన రాణి అడవిలో దారి అడుగుతూ పాడేది. మెల్లగా మొదలై మూడో చరణంలో మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంది. ఎక్కి అక్కడే నిలబడాలి. నేను ఆరు శ్రుతిలో పాడేదాన్ని. ఆ పైన నిలబడ్డప్పుడు గదిలో అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లని నాకు తెలుసు. నాకు గర్వమే, అబద్ధం ఎందుకు?

ఆ రోజు మూడో చరణం దగ్గర ఆగిపోయాను. గొంతు పట్టిందని అన్నాను. తలుపు దగ్గర కూర్చున్న కాక నా వైపు చూశాడు.

"ఏందమ్మా, కొస దాకా ఎక్కలే?"

"జలుబు చేసింది కాకా."

కాకది బస్టాండు పక్కన ఇస్త్రీ బండి. ఒకప్పుడు వాళ్ల ఊరి మేళంలో ఆడ వేషాలు కట్టేవాడు. ఆయన ఏడుపు సీను చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో జనం వచ్చేవాళ్లని చెప్పుకునేవాళ్లు. నలభై దాటాక గొంతు పోయింది. ఇప్పుడు మాట్లాడితే ఇసుక మీద గోనెసంచి ఈడ్చినట్టు ఉంటుంది. మా దగ్గర ఎప్పుడూ పాడడు. ఎవరు ఎక్కడ తప్పినా మాత్రం పట్టుకుంటాడు.

నల్గొండలో స్కానింగ్ చేయించుకున్నాను. మెడలో సూది గుచ్చి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరు కాగితం చూస్తూ చెప్పాడు.

"గడ్డ మంచిదో చెడ్డదో గీ పరీక్షల తేలలేదమ్మా. తీసి చూస్తెనే తెలుస్తది. సగం గ్రంథి తీసేస్తం. దాని ఎనకనే గొంతు నరం ఉంటది. జాగ్రత్తగనే చేస్తం. గని కొందరికి గొంతు మారుతది. ఎక్కువ మందికి కొన్ని నెలల్ల సర్దుకుంటది. నువ్వు టీచర్‌వా?"

"కాదు సార్, ఏఎన్‌ఎంని."

"అయితే అంత ఫికర్ లేదు. పాటలు గీటలు పాడెటోళ్లకే కష్టం."

నేను పాడతానని చెప్పలేదు. చెబితే ఆయన ముఖంలో ఏదైనా మారుతుందేమో, అది చూడాల్సి వస్తుందేమోనని నోరు మెదపలేదు.

ఆ తర్వాత పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని దిండులో ముఖం పెట్టి "ఆ" అనడం. ఉందా, పోయిందా అని చూసుకోవడం. పొయ్యి వెలిగిస్తూ ఒకసారి, బస్సు కోసం నిలబడి ఒకసారి. సబ్‌సెంటర్‌లో రిజిస్టరు చూసి తల్లుల పేర్లు పిలుస్తూ నా గొంతును నేనే పరాయివాళ్ల గొంతులా వినేదాన్ని. ఆ పిలుపులో కొంచెం బొంగురు వినిపించినట్టు అనిపిస్తే అదే పేరు మళ్లీ పిలిచేదాన్ని. ఒకరోజు సూదిమందు ఎక్కించి, ఆ పిల్ల ఏడుస్తుంటే, సూది చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను. "మేడం" అని ఆ తల్లి రెండుసార్లు పిలిచింది.

మా ఆయన రైస్‌మిల్లులో పనిచేస్తాడు. డాక్టరు చెప్పింది చెబితే అన్నాడు.

"పానం ముఖ్యం గని, పాటదేముంది? గా గడ్డ చెడ్డది కాకుంటె సాలు. మందికి ధైర్యం చెప్పేదానివి, నువ్వే గిట్ల అయితె ఎట్ల?"

ఆయన భయపడుతున్నాడని నాకు తెలుసు. ఆ వారంలో మూడుసార్లు మిట్టమధ్యాహ్నం మిల్లు నుంచి ఇంటికి వచ్చి, "ఏం లేదు, ఊకెనే వచ్చిన" అని నా మెడ వైపు చూసి వెళ్లిపోయాడు. ఆయన భయం గడ్డ మంచిదా చెడ్డదా అని. నా భయం వేరు. క్యాన్సర్ అయితే ఎలా అన్న ఆలోచన కంటే, ఆ మూడో చరణం ఇక ఎక్కలేనేమో అన్న ఆలోచనే నన్ను ఎక్కువగా వణికించింది. ఇంటర్ చదివే బిడ్డ ఉన్న తల్లిని. ఇలాంటి భయం ఉందని ఎవరితో చెప్పుకోను? సిగ్గేసింది.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. నాకు కాకను చూస్తే భయం వేయడం మొదలైంది.

మళ్లీ మేం కూడిన ఆదివారం నేను వెనకాల కూర్చున్నాను. బడిపంతులు ఒకాయన ఏదో రాజు వేషం పద్యం పాడాడు. డ్రైవరు ఫోన్లో ఒక పాత మేళం దరువు వినిపించాడు. నా వంతు వచ్చింది. పాడనన్నాను. బలవంతం చేశారు. రెండు చరణాలు పాడి, మూడోది కింది స్థాయిలోనే ముగించేశాను.

కాక ఊరుకోలేదు. "అట్ల కాదమ్మా. అక్కడ రాణి అడివిని నిలదీస్తాంది. నువ్వు గొనుగుతున్నవ్. ఎక్కాలె."

"నీ గొంతు పోయిందని అందరి గొంతులల్ల తప్పులు ఏరుకుంట కూసుంటవా?" అన్నాను.

కాక చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. ఓనరు హార్మోనియం తిత్తి మూసేశాడు. ఆ పూట ఇంకెవరూ పాడలేదు.

మూడు రోజులు తిండి సహించలేదు. నాలుగో రోజు పొద్దున డ్యూటీకి పోతూ నకిరేకల్‌లో దిగి, కాక బండి దగ్గరికి వెళ్లాను. బొగ్గుల పెట్టెతో ఎవరిదో తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"కాకా, తప్పయింది" అన్నాను. ఇంకేదో చెప్పబోయి మెడ మీద కొంగు తీసి చూపించాను. "గడ్డ అయింది. వచ్చే నెల ఆపరేషన్. గొంతు పోవచ్చునంటున్నరు."

ఆయన పెట్టె పక్కన పెట్టాడు. వంగి నా మెడ చూశాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"మా ఆయనకు చెప్పిన. మనసుల మాట నీకే చెప్తున్న. నాకు మస్తు భయమైతాంది కాకా. నీ లెక్క అయితనని భయం."

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వచ్చేసింది. ఆయనకు కోపం రాలేదు.

"నాకు ఆట నడిమిట్ల పోయిందమ్మా. ఏడుపు దరువు ఎత్తుకున్న. నోరు తెరిస్తె గాలి వచ్చింది. మంది ముందు గట్లనే నిలవడ్డ, చీర కట్టుకొని. హార్మోనియం ఆయన నా బదులు పాడిండు. జనం నవ్వలే. నవ్వినా బాగుండు. అటెనక ఏడాది దాక ఆట ఉన్న ఊరి దిక్కు పోలే."

"ఇప్పుడు మంచిగనే అయినవ్ గద?" అని అడిగాను. అవుననాలని నా ఆశ.

"లేదు" అన్నాడు. "నీకు అబద్ధం చెప్ప. ఎవలన్న బాగ పాడితె ఇప్పటికీ ఇక్కడ కలుక్కుమంటది. అయినా వస్త. వినకుండ ఉండలేను గనక వస్త."

ఆ జవాబుకు నా భయం తగ్గలేదు. కానీ ఎవరో ఒకరు నాకు నిజం చెప్పారనిపించింది. ఏళ్ల తరబడి నేను ఎంతమందికి "ఏం గాదు, ఏం గాదు" అని చెప్పి పంపానో గుర్తొచ్చింది.

"గా దరువు మీ అవ్వ కాడ నేర్చుకున్నవ్ గద. మీ అవ్వ తీరుగ ఇంకెవలకన్న వస్తదా?" అని అడిగాడు.

"రాదు."

"రాసి పెట్టినవా?"

"లేదు."

"మరి ఫోన్ల పాడి పెట్టు. ఇప్పుడే. నేను పట్టుకుంట."

"ఇక్కడనా? బస్టాండు కాడనా?"

"ఆపరేషన్ రోజు దాక ఆగుతవా?"

ఫోన్ ఆయన చేతికిచ్చాను. రికార్డింగ్ ఎక్కడ నొక్కాలో చూపించాను. సూర్యాపేట బస్సులు హారన్లు కొడుతున్నాయి, అరటిపండ్ల బండివాడు కేక వేస్తున్నాడు. నేను ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని పాడాను. మొదట గొంతు వణికింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. మూడో చరణంలో ఎక్కాను. పైన నిలబడ్డప్పుడు కళ్ల నుంచి నీళ్లు కారాయి కానీ గొంతు జారలేదు. అయిపోయాక కాక ఫోన్ తిరిగి ఇస్తూ, "రెండో చరణంల ఒక మాట మింగినవ్" అన్నాడు. మళ్లీ పాడించాడు. నాకు ఆ రోజు డ్యూటీకి అరగంట ఆలస్యమైంది.

ఆపరేషన్ పొద్దున్నే మొదలుపెట్టారు. బల్ల మీద పడుకోబెట్టి చేతికి సూది గుచ్చారు. పైన లైట్లు. నోరు తెరిచి ఏదైనా ఒక్క మాట అనాలని, చివరిగా నా గొంతు నేను వినాలని అనుకున్నాను. ఏం అనాలో తోచలేదు. అంతలోనే మత్తు కమ్మింది.

మెలకువ వచ్చేసరికి మెడకు కట్టు ఉంది, గొంతులో మంట. మా ఆయన పక్కన స్టూలు మీద ఉన్నాడు. బిడ్డ నా కాళ్లు పట్టుకుని కూర్చుంది. అన్నీ తెలుస్తున్నాయి. కానీ నేను కళ్లు మూసుకునే ఉన్నాను. కళ్లు తెరిస్తే మాట్లాడమంటారు. మాట్లాడితే తెలిసిపోతుంది. తెలియనంతసేపూ నా గొంతు నాకు ఉన్నట్టే. నర్సు రెండుసార్లు వచ్చి తట్టింది. కదలలేదు. "ఇంక లేస్తలేదేంది సిస్టర్?" అని మా ఆయన అడుగుతుంటే ఆ గొంతులో భయం వినిపించింది. అయినా లేవలేదు. అంత పిరికిదాన్నని నాకు అప్పటిదాకా తెలియదు.

చివరికి బిడ్డ ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు కళ్లు తెరిచాను. "ఏడ్వకు" అందామనుకున్నాను. గాలి, దానిలో ఒక పల్చని చప్పుడు వచ్చింది. ఎవరిదో గొంతు. నాది కాదు.

"మాట్లాడింది, మాట్లాడింది!" అని మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయనకు అదే సంతోషం.

పన్నెండు రోజులకు రిపోర్టు వచ్చింది. చెడ్డ గడ్డ కాదు. మా ఆయన దవాఖాన మెట్ల మీదే కూర్చుని కండువాతో ముఖం కప్పుకున్నాడు. నేనూ ఏడ్చాను. అది నిజమైన సంతోషమే. ఇంటికొచ్చాక పాత భయం మళ్లీ వచ్చి కూర్చుంది.

నాలుగు నెలలు పట్టింది మాట గట్టిపడటానికి. పేర్లు పిలవగలుగుతున్నాను, పిల్లల్ని గదమాయించగలుగుతున్నాను. పైకి మాత్రం గొంతు పోవడం లేదు. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఎక్కడానికి చూస్తాను. ఒక చోటికి వచ్చాక గొంతు తెగి గాలి మిగులుతుంది. డాక్టరు ఇంకా కొంత రావచ్చంటాడు, రాకపోవచ్చు కూడా అంటాడు.

స్టూడియోకు మళ్లీ పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. నేను మెట్లెక్కి తలుపు దగ్గర చాప మీద కూర్చుంటే కాక కొంచెం పక్కకు జరిగాడు. ఓనరు అడిగాడు, నాలుగు శ్రుతిలో ఎత్తుకోనా అని. నాలుగులో పాడాను. కింద నుంచి మొదలుపెడితే ఆ దరువు వేరే పాటలా ఉంది. రాణి అడవిని నిలదీయడం లేదు, అలసిపోయి అడుగుతోంది. పంతులు ఒకాయన ఇదే బాగుందన్నాడు. నాకు బాగుందనిపించలేదు. మర్యాదకు తలూపాను. ఆ తర్వాత కూడా పోతూనే ఉన్నాను. ఎక్కువసార్లు వింటాను, ఎప్పుడో ఒకసారి పాడతాను.

మిగిలిన సగం గ్రంథిలో మినపగింజంత మచ్చ ఒకటి ఉందట. ఆరునెలలకోసారి చూపించుకోవాలి. ఆ తేదీ దగ్గర పడుతుంటే నా దిండు, నా "ఆ" మళ్లీ మొదలవుతాయి. మొన్న వెళ్లినప్పుడు మానిటర్ వైపు చూడకుండా గోడ మీద క్యాలెండర్‌నే చూస్తూ పడుకున్నాను. డాక్టరు జెల్ తుడుచుకోమని బట్ట ఇచ్చి, "గంతనే ఉంది. పెరగలే. ఇంక ఏడాదికి రా" అన్నాడు.

బయటికి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను. తర్వాత సూర్యాపేట బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. కండక్టరు భుజం తట్టి లేపేసరికి నకిరేకల్ దాటి చాలా దూరం వచ్చేశాను. "ఎక్కడ దిగాలె అమ్మా నువ్వు?" అని అడిగాడు. చెప్పాను. నవ్వి, వచ్చే స్టేజీ దగ్గర దింపేశాడు. ఎండలో రోడ్డు దాటి, ఎదురు బస్సు కోసం నిలబడ్డాను.