ఆగనివ్వని అక్క

మా ఆఫీసులో అందరికీ అక్క అయిన ఆవిడకి ఒకటే జబ్బు. ఎవరు ఎక్కడ ఆగి కనిపించినా, "ఎందుకు ఆగాలి?" అని అడక్కపోతే ఆవిడకి నిద్ర పట్టదు.

ఇంట్లోనూ అంతే. ఒకరోజు బావగారు, "కాఫీ తాగి స్నానానికి వెళ్తా" అన్నారు.

"దానికోసం స్నానం ఎందుకు ఆగాలి?"

"షవర్ కింద తాగమంటావా?"

అక్క నిజంగానే ఆలోచనలో పడింది. బావగారు కప్పు అక్కడే వదిలేసి, బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నారు. ఇంకోసారి పిల్లాడికి జుట్టు కత్తిరిస్తూనే అన్నం తినిపించింది. ఆ పూట వాడు తిన్నదాంట్లో సగం జుట్టే. "ఓహో, ఈ రెండూ కలిపి చేయకూడదన్నమాట!" అని కొత్త సంగతి కనిపెట్టినట్టు సంబరపడిందట.

రక్తపరీక్షల రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రాం మాది. చాలా ఏళ్ల కిందట రాసింది నేనే. ఈమధ్య డైరెక్టరుగారు ఒకేసారి ఎనిమిది పనులు చేయగల కంప్యూటరు కొన్నారు. రిపోర్టులు మాత్రం ఎప్పట్లాగే నత్తనడక నడిచాయి.

"కంప్యూటరు మార్చాం. ఇక మార్చాల్సింది ప్రోగ్రాం రాసినవాణ్నే" అన్నారాయన మీటింగులో, నా ఎదురుగానే.

అక్క కుర్చీ ముందుకు లాక్కుంది. "అప్పట్లో మన కంప్యూటరు ఒక్క పనే చేసేదండీ. అందుకే ఒకటయ్యాక ఒకటి చేయమని రాశాడు. ఇప్పుడు కొత్తదాంట్లో ఎనిమిది మంది పనివాళ్లు ఉన్నట్టే అయినా, ప్రోగ్రాం ఒకడికే పని చెబుతోంది. మిగతా ఏడుగురూ గోళ్లు గిల్లుకుంటున్నారు." నా వైపు తిరిగింది. "ఏమయ్యా, ఒకరి రిపోర్టు ఇంకొకరి రిపోర్టు కోసం ఎందుకు ఆగాలి?"

"అక్కర్లేదక్కా. దేనికదే చేసుకోవచ్చు."

"పాత ఫలితాలతో పోల్చడం?"

"అది కొత్త ఫలితం వచ్చేదాకా ఆగాలి. ఈలోగా పాతవి తెచ్చి పక్కన పెట్టుకోవచ్చు."

"మరి రిపోర్టు నంబరు?"

"అది మాత్రం ఒకరి తర్వాత ఒకరే తీసుకోవాలి. ఇద్దరికీ ఒకే నంబరు పడిందంటే ఒకరి షుగరు ఇంకొకరికి అంటగడతాం!"

డైరెక్టరుగారు ఉలిక్కిపడి, ఆ ఉదయమే రక్తం ఇచ్చిన తన చేతిని తడుముకున్నారు.

అక్క ఇంకా అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. చివరికి ఆయనే, "ఇదంతా తిరగరాయడానికి నీకు ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగారు. నన్నే! నా ప్రాణం లేచొచ్చింది.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అక్కా, అవన్నీ నీకు తెలిసినవే కదా! మళ్లీ నన్నెందుకు అడిగావు?"

"నాకు తెలుసు. నీకు తెలుసని ఆయనకి తెలియాలిగా" అంది అక్క, మెట్లు దిగుతూనే జడ అల్లుకుంటూ.